‘మానసిక సమస్యలు వీడియోలో చూడను’ అన్న ఫ్యామిలీ డాక్టర్: నర్సంపేట వైపు ఒక కేసు

మానసిక సమస్యలకు వీడియోలో చూస్తారా అని సైకియాట్రిస్టులు అడిగితే వరంగల్ చుట్టుపక్కల ఫ్యామిలీ డాక్టర్ల నుంచి ఎక్కువగా వచ్చే జవాబు ఒకటే: ‘అది మనతోని కాదు సార్, మీకే పంపిస్త.’ అదే డాక్టరు వాట్సాప్ తెరిస్తే మాత్రం సంగతి వేరుగా ఉంటుంది. ‘సార్, అమ్మకు నిద్ర పడ్తలేదు, ఏ గోలీ వెయ్యాలె’ అని ఒకరు, పాత చీటీ ఫొటో పెట్టి ‘ఇదే కంటిన్యూ చెయ్యాల్నా’ అని ఇంకొకరు అడుగుతుంటారు. ఓపీ నడుమ ఆయన పది సెకన్ల వాయిస్ మెసేజ్ పెట్టేస్తాడు. అందులో రోగి ముఖం చూసింది లేదు, రాసుకున్నది లేదు, ఫీజు లేదు. దూరం నుంచి వైద్యం జరగడం లేదని ఎవరూ అనలేరు. ఉన్న పద్ధతులన్నిటిలోకీ ప్రమాదమైన దాంట్లో జరుగుతోంది, అంతే.

ఈ కేసులో నర్సంపేటలోని ఒక ఫ్యామిలీ డాక్టరు, హన్మకొండలోని ఒక సైకియాట్రిస్టు, కొత్తగూడ వైపు పల్లెలోని ఒక రోగి ఉన్నారు. రోగి ఎవరో తెలియకుండా వివరాలు మార్చాం. ఇలాంటివే మరికొన్ని కేసుల్లోని విషయాలు కూడా ఇందులో కలిపాం.

రోగి, మొదటి రోజు

వయసు నలభై దాటిన మహిళ. మిర్చి, పత్తి వేసే కుటుంబం. నల్లతామర పురుగుకు తోట పోయిన ఏడాది చేసిన అప్పు ఇంకా తీరలేదు. కొడుకు హైదరాబాద్‌లో ఉంటాడు, భర్త పొలం చూసుకుంటాడు, ఇంట్లో అత్త ఉంది. క్లినిక్‌కు వచ్చింది తలనొప్పి, ఒళ్ళంతా గుంజుడు, గుండె దడ అని. అప్పటికే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర నాలుగైదు సార్లు గ్లూకోజ్ ఎక్కించుకుంది, బి-కాంప్లెక్స్ సూదులు వేయించుకుంది. వరంగల్‌లో తీసిన ఈసీజీ బాగానే ఉంది.

ఈ ప్రాంతంలో డిప్రెషన్ ఎక్కువగా ఒంటి బాధల రూపంలోనే తలుపు తడుతుంది. ‘మనసు బాగలేదా’ అని అడిగితే ‘మంచిగనే ఉంది’ అంటారు. ‘ఏమన్న రంది పెట్టుకున్నవా అమ్మా? బుగులు బుగులు అనిపిస్తదా?’ అని అడిగితే మాట బయటికొస్తుంది. ఈమె దగ్గరా అదే జరిగింది. నాలుగు నెలలుగా తెల్లవారుజామున మూడింటికే మెలకువ, అన్నం సయించకపోవడం, తోటకు పోబుద్ధి కాకపోవడం, ‘అందరికీ బరువైన’ అన్న మాట. డిప్రెషన్‌ను కొలిచే తొమ్మిది ప్రశ్నల పట్టిక పీహెచ్‌క్యూ-9లో 27కు 16 వచ్చింది. ఈ కొలతలో 10 గానీ అంతకు మించి గానీ వస్తే పట్టించుకోవాలి, 15 నుంచి 19 వరకు ఓ మోస్తరును మించిన తీవ్రత. చావు ఆలోచన గురించి అడిగే తొమ్మిదో ప్రశ్నకు 1 వచ్చింది, అంటే కొన్ని రోజులు అలా అనిపించిందని.

హిమోగ్లోబిన్ కొంచెం తక్కువ, థైరాయిడ్ మామూలుగా ఉంది. మందు మొదలుపెట్టే ముందు ఇంకో ప్రశ్న తప్పనిసరి. గతంలో ఎప్పుడైనా కొన్ని రోజులపాటు నిద్ర అక్కర్లేనంత హుషారు, అతిగా మాట్లాడటం, చేతికందినట్టు ఖర్చు పెట్టడం ఉండేవా? బైపోలార్ (అతి హుషారు, దిగులు మారి మారి వచ్చే జబ్బు) ఉన్నవాళ్లకు డిప్రెషన్ మందు ఒక్కటే ఇస్తే ఉన్మాదం వైపు తిరగొచ్చు. ఈమెకు అలాంటిదేమీ లేదు. డిప్రెషన్ మందు ఎస్సిటాలోప్రామ్ 5 మిల్లీగ్రాములు వారం రోజులు, తర్వాత 10, పొద్దున తిన్నాక. మొదటి పది రోజులు వికారం, కొంచెం గాబరా ఉండొచ్చని, గుణం కనబడటానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుందని చెప్పి పంపాలి. ఈ రెండు మాటలు చెప్పకపోతే అయిదో రోజే మందు ఆగిపోతుంది. తోట పనికి పోయేవాళ్లు నొప్పి మాత్రలు రోజూ మింగుతుంటారు. డైక్లోఫెనాక్ లాంటివి దీంతో కలిస్తే కడుపులో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. ట్రమడాల్ అనే నొప్పి మందు కలిస్తే ఇంకో రకం ప్రమాదం. అందుకే ‘వేరే ఏం గోలీలు వేసుకుంటున్నవ్’ అని అడగడం ముఖ్యం.

ఇంతవరకు డాక్టరుకు కష్టం లేదు. రెండు వారాలకోసారి మళ్లీ చూడాలి. కొత్తగూడ వైపు నుంచి నర్సంపేటకు ముప్పై కిలోమీటర్ల పైమాటే. మిర్చి ఏరే రోజుల్లో ఒక రోజు కూలి పోతుంది, తోడు వచ్చినవాళ్ల కూలి కూడా. హన్మకొండలో సైకియాట్రిస్టు దగ్గరికంటే రెండు బస్సులు. అందుకే సైకియాట్రిస్టు వీడియో ఫాలోఅప్ పెట్టుకొమ్మన్నారు. డాక్టరు వద్దన్నారు.

వద్దనడానికి అసలు కారణాలు

ఫోన్ వాడటం రాదనో, సిగ్నల్ లేదనో చెప్పేది పైపై మాట. కాసేపు కూర్చుని మాట్లాడితే మూడు భయాలు బయటపడతాయి.

మొదటిది, వీడియోలో ఉండగా రోగి ‘సచ్చిపోవాలనిపిస్తుంది’ అంటే? క్లినిక్‌లో అయితే కాంపౌండరు ఉంటాడు, తోడు వచ్చినవాళ్లు ఉంటారు, తలుపు దగ్గరే ఆపొచ్చు. ముప్పై కిలోమీటర్ల అవతల ఇంట్లో గడ్డిమందు డబ్బా ఉన్న మనిషి కాల్ కట్ చేస్తే ఏం చెయ్యాలి? ఈ భయం న్యాయమైనదే. దీనికి ధైర్యం చెబితే సరిపోదు, ఏర్పాటు కావాలి.

రెండోది చట్టం. 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ ప్రాక్టీస్ గైడ్‌లైన్స్ చాలామంది చదవలేదు, ‘ఏదో కేసవుతుంది’ అన్న అనుమానం మాత్రం ఉంది. రిజిస్టరైన అల్లోపతి డాక్టరు ఎవరైనా వీడియోలో చూడొచ్చు. వాట్సాప్ వీడియో కూడా చెల్లుతుంది. క్లినిక్‌లో చూసి ఆరు నెలలు దాటకుండా అదే జబ్బుకు చూస్తే అది ఫాలోఅప్. రోగి తానుగా కాల్ చేస్తే సమ్మతి ఇచ్చినట్టే లెక్క. డాక్టరో ఆరోగ్య కార్యకర్తో మొదలుపెడితే మాత్రం అడిగి, ఒప్పుకున్నట్టు రాసుకోవాలి. చీటీ మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి, ఫీజు తీసుకోవచ్చు, రసీదు ఇవ్వాలి. ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల) చట్టం కిందికొచ్చే మందులు రాయకూడదు. అల్ప్రాజోలామ్, డయాజెపామ్, లోరాజెపామ్ లాంటి నిద్రగోలీలు ఆ పట్టికలోవే. ‘నిద్రగోలీ రాయకపోతే మానసిక రోగిని ఏం చూస్తా’ అనే డాక్టరుకు ఇది అడ్డుగోడలా కనిపిస్తుంది. నిజానికి ఇది ఆయనకు కవచం. ఫోన్‌లో బతిమాలేవాళ్లకు ‘రూలు ఒప్పదమ్మా’ అని ఒక్క మాటతో చెప్పొచ్చు.

మూడోది డబ్బు, టైము. ఓపీలో ఒక్కొక్కరికి నాలుగైదు నిమిషాలు. మనసు విప్పడానికి కనీసం పదిహేను కావాలి. వీడియో అంటే ఫీజు ఉండదన్న అలవాటు వాట్సాప్ వల్లే వచ్చింది.

ఈ మూడూ తీరకుండా శిక్షణ తరగతులు ఎన్ని పెట్టినా డాక్టరు తల ఊపి ఇంటికి పోతాడు.

కాల్‌కు ముందు కాగితం మీద

ఆ భయాలకు తగిన ఏర్పాటు చేసుకుందామంటే డాక్టరు ఒప్పుకున్నారు. రోగి ఇంకా క్లినిక్‌లో ఉండగానే ఒక పేజీ నింపారు. ఊరు, వాడ, ఇంటికి గుర్తు (హనుమాండ్ల గుడి పక్క సందు, రెండో ఇల్లు అన్నట్టుగా), భర్త నంబరు, రోగి నమ్మే ఇంకొకరి నంబరు, ఆశా కార్యకర్త నంబరు, దగ్గరి ప్రభుత్వ ఆస్పత్రి, 108. ప్రభుత్వ మానసిక సహాయ ఫోన్ లైన్ టెలిమానస్ నంబరు 14416 చీటీ అడుగున రాశారు. 2022 అక్టోబరు 10న మొదలైన ఈ లైన్ ఇరవై నాలుగు గంటలూ తెలుగులో పలుకుతుంది, డాక్టరు ఫోన్ ఆఫ్‌లో ఉండే రాత్రులకు అదే దిక్కు. ఆ రెండో మనిషికి ఎందుకు ఫోన్ చేస్తామో రోగి ముందే చెప్పి ఒప్పించాలి. ఆపద వచ్చాక సమ్మతి అడగడం కుదరదు.

ఇంట్లో పురుగుమందు ఎక్కడ పెడతారన్నది కూడా అదే పేజీలో ఉండాలి. ఈ కేసులో ఆ గడి ఖాళీగా వదిలారు. దాని సంగతి నాలుగో వారంలో వస్తుంది.

టైము పగలు ఒంటిగంటన్నర నుంచి మూడు వరకు పెట్టారు. అప్పుడు క్లినిక్‌లో ఓపీ పలచబడుతుంది, తోటలో సద్ది తినే వేళ. ఒక్కో కాల్‌కు పదిహేను నిమిషాలు. ఫీజు క్లినిక్‌లో ఎంతో అంతే, కాల్‌కు ముందే యూపీఐలో. ఫీజు తగ్గిస్తే డాక్టరు రెండో నెలలో మానేస్తాడు, పెంచితే రోగి మానేస్తాడు.

రెండో వారం: అత్త పక్కనుంటే

మొదటి వీడియో కాల్ ఇంటినుంచి. ఫోన్ భర్తది, చేతిలో పట్టుకున్నది రోగి, పక్కన మంచం మీద అత్త. డాక్టరు ఏం అడిగినా ‘మంచిగనే ఉంది సారూ’. స్కోరు 14. ఆ 14ను నమ్మడానికి లేదు.

ఇలాంటప్పుడు ‘ఒక్కదానివే ఉన్నవా’ అని పైకి అడిగితే లాభం లేదు, పక్కనున్నవాళ్లు వింటారు. ఇయర్‌ఫోన్ పెట్టించి అవును-కాదు ప్రశ్నలకు దిగాలి. ‘నువ్వు అవును, కాదు అని చెప్పు చాలు. పక్కన ఎవరన్న ఉన్నరా? రాత్రి ఏడ్చినవా?’ ఇయర్‌ఫోన్ ఉంటే డాక్టరు గొంతు రోగికే వినబడుతుంది. వైరు ఉన్న చవక ఇయర్‌ఫోన్ క్లినిక్‌లోనే ఇచ్చి పంపడం మేలు, బ్లూటూత్‌ది చార్జింగ్ అయిపోయి ఎక్కడో పడి ఉంటుంది. ముందే ఒక గుర్తు మాట పెట్టుకోవాలి. ఈమెతో కుదుర్చుకున్నది ‘గోలీలు ఒడిసినయ్ సారూ’. ఆ మాట వస్తే ఇప్పుడు మాట్లాడలేనని అర్థం, డాక్టరు మామూలు ముచ్చట చెప్పి కాల్ ముగించి వేరే టైము ఇస్తాడు.

ఆ తర్వాతి కాల్ తోట గట్టు మీది నుంచి వచ్చింది. ఇల్లే ఏకాంతమని పట్నం డాక్టర్లు అనుకుంటారు గానీ పల్లెలో చాలామంది ఆడవాళ్లకు చేను గట్టే ఏకాంతం. సిగ్నల్ కూడా గోడల మధ్య కన్నా అక్కడే బాగుంటుంది. వెలుగు మాత్రం ముఖం మీద పడాలి. ఎండ వెనక ఉంటే తెర మీద నల్లటి నీడ తప్ప ఏం కనబడదు. సిగ్నల్ మరీ లేని గూడేలకు పల్లె దవాఖానలో ఒక గది అడగడం రెండో దారి. అక్కడ ఏఎన్ఎం బీపీ, బరువు చూసి చెప్పగలదు, కాల్ జరిగేంతసేపు ఆమె గది బయట ఉండాలి.

బొమ్మ ఆగిపోతే ఫాలోఅప్‌ను మామూలు కాల్‌లో ముగించవచ్చు. ఎన్నడూ చూడని రోగికి మొదటిసారి డిప్రెషన్ మందు రాయడం మాత్రం మాట విని చేసే పని కాదు, ముఖం కనబడాల్సిందే.

నాలుగో వారం: స్ట్రిప్పు

నాలుగో వారం కాల్‌లో స్కోరు 17. మందు వేసుకుంటున్నదని చెబుతూనే ఉంది. గొంతు మెల్లగా, మాట లాగి లాగి వస్తోంది. డాక్టరు ‘గోలీల పట్టా కెమెరాకు దగ్గర పెట్టమ్మా’ అన్నారు. మామూలు ఫోన్ కాల్ కన్నా వీడియోకు ఉన్న అసలు లాభం ఇక్కడే. పది గోలీల పట్టాలో ఏడు గుంతలు ఇంకా నిండుగా ఉన్నాయి. ‘ఇంకేమన్న వేసుకుంటున్నవా’ అంటే సంచిలోంచి ఇంకో పట్టా తీసింది. అల్ప్రాజోలామ్ 0.5. పొద్దుటి గోలీతో వికారం వస్తుందని చెబితే మెడికల్ షాపులో దాన్ని ఆపి, రాత్రికి ఇది వేసుకొమ్మన్నారు. మూడు వారాలుగా అదే నడుస్తోంది.

అల్ప్రాజోలామ్ షెడ్యూల్ హెచ్1 మందు. చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మినప్పుడు వేరే రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. అయినా చేతికి చేరుతుంది. ఉత్తర తెలంగాణలో దీనికి ఇంకో దారి కూడా ఉంది, కల్తీ కల్లు. అల్ప్రాజోలామో డయాజెపామో కలిపిన కల్లుకు అలవాటుపడిన మనిషికి ఒకటి రెండు రోజులు కల్లు అందకపోతే చేతులు వణుకుతాయి, నిద్ర పోతుంది, పిచ్చిపిచ్చిగా మాట్లాడతాడు, ఫిట్స్ కూడా రావచ్చు. వీడియోలో చూస్తే అచ్చం ఆందోళన జబ్బులాగే ఉంటుంది. అందుకే ప్రతి కాల్‌లో ‘కల్లు తాగుతవా, ఎన్ని సీసాలు, ఆఖరుసారి ఎప్పుడు’ అన్నది ఆడా మగా తేడా లేకుండా అడగాలి. ఆపి రెండు మూడు రోజులై వణుకుతున్నాడంటే అది వీడియో కేసు కాదు, వెంటనే ఆస్పత్రి. ఈమెకు కల్లు అలవాటు లేదు.

తొమ్మిదో ప్రశ్నకు ఈసారి జవాబు వేరు. ‘ఉండి ఏం లాభం సారూ అనిపిస్తది.’ ఆ మాట విన్న డాక్టరు ఎక్కువసార్లు చేసేది రెండింట్లో ఒకటి. ‘అట్ల అనొద్దమ్మా, పిల్లలున్నరు’ అని మాట మార్చడం, లేదా గాబరాపడి భర్తకు ఫోన్ కొట్టడం. మొదటిది రోగి నోరు మూయిస్తుంది, రెండోది ముందు జరగాల్సిన ప్రశ్నలను మింగేస్తుంది. ఇక్కడ డాక్టరు వరుసగా అడిగారు. అలా అనిపించడమేనా, ఎట్ల చేసుకోవాలో కూడా ఆలోచించినవా? ఏం వాడుదామని? అది ఇంట్లో ఉందా? ఇంతకు ముందు ఎప్పుడన్న చేసుకున్నవా? ఈ రోజో రేపో చేసుకుంటనన్న భయం ఉందా? ఇలా అడగడం వల్ల లేని ఆలోచన పుట్టదు. ఎవరో ఒకరు అడిగారన్న ఊరట దొరుకుతుంది.

ఆలోచన ఉంది, చేసుకునే నిర్ణయం లేదు, ఇంతకు ముందు ప్రయత్నమూ లేదు. మోనోక్రోటోఫాస్ పురుగుమందు సీసా మాత్రం ఇంట్లో బియ్యం డ్రమ్ము వెనకాలే ఉంది. ఇది ముందే అడగాల్సిన ప్రశ్న. ఇక్కడి ఊళ్లలో క్షణికావేశానికి, చావుకు మధ్య ఉండే దూరం చాలాసార్లు ఆ సీసా ఎంత దగ్గరుందన్నదే.

కాల్ కట్ చేయకుండా కాంపౌండరు వేరే ఫోన్ నుంచి భర్తకు కాల్ చేశాడు. రోగి ఒప్పుకున్నాకే. భర్తకు చెప్పింది మూడే మాటలు: సీసా ఇప్పుడే తీసుకుపోయి అన్న ఇంట్లో తాళం వేసి పెట్టు, ఈ రాత్రి ఆమెను ఒంటరిగా ఉంచొద్దు, రేపు పొద్దున క్లినిక్‌కు తీసుకురా. ఆశా కార్యకర్త సాయంత్రం పోయి సీసా లేదని చూసి వచ్చింది. అదే ‘ఇయ్యాళనే చేసుకుంట’ అన్న జవాబు వచ్చి ఉంటే 108, ప్రభుత్వ ఆస్పత్రి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 సెక్షన్ 94 ప్రకారం అత్యవసరంలో రిజిస్టరైన ఏ డాక్టరైనా 72 గంటల వరకు చికిత్స మొదలుపెట్టవచ్చు. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే చూడాలని, శిక్షించకూడదని 115వ సెక్షన్ చెబుతుంది. పోలీసు కేసు భయంతో దాచే కుటుంబాలకు ఈ మాట గట్టిగా చెప్పాలి.

మరునాడు, ముగ్గురూ ఒకే తెర మీద

పొద్దున రోగి నర్సంపేట క్లినిక్‌లో కూర్చుంది, హన్మకొండ నుంచి సైకియాట్రిస్టు వీడియోలో వచ్చారు. వీడియో అంటే రోగి ఇంట్లో, డాక్టరు క్లినిక్‌లో అని మాత్రమే అనుకుంటారు. మానసిక సమస్యలకు ఎక్కువ అక్కరకొచ్చేది ఈ రెండో పద్ధతి: రోగి తెలిసిన డాక్టరు దగ్గరే ఉంటుంది, నిపుణుడు తెర మీద ఉంటాడు. జర్మనీలో ఇదే పద్ధతిని పరీక్షించి 2024లో ఫలితాలు ప్రచురించారు. లాభం కనబడింది, పెద్దగా కాదు, కొద్దిగా. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్ల ప్రాథమిక వైద్యుల శిక్షణలో కూడా డాక్టరు తన ఓపీలో తన రోగిని చూస్తుండగానే నిపుణుడు వీడియోలో పక్కన ఉండి నేర్పుతాడు. ఎన్ని పుస్తకాలు ఇచ్చినా పోని భయం, ‘ఇప్పుడు మీరు అడగండి, నేను వింట’ అన్న ఒక్క పూటలో సగం పోతుంది.

ఎస్సిటాలోప్రామ్ పెంచలేదు. అసలు సరిగా పడలేదు కాబట్టి 5తోనే మళ్లీ మొదలుపెట్టి 10కి తెచ్చారు, వికారానికి అన్నం తిన్నాక వేసుకొమ్మన్నారు. అల్ప్రాజోలామ్ ఒక్కసారిగా ఆపితే నిద్ర, బుగులు ఇంకా ముదురుతాయి. 0.5 నుంచి 0.25కు, అందులో సగానికి, ఒక్కో మెట్టుకు పది రోజులు. వీడియోలో ఈ మందు రాయడానికి లేదు కాబట్టి తగ్గించే క్రమమంతా క్లినిక్‌లోనే తేదీలతో ఒకే చీటీలో రాసి, గోలీలు భర్త దగ్గర పెట్టారు. ఇవి కాక రోజూ సాయంత్రం అరగంట వాడకట్టులో నడక, ఆగిపోయిన పనుల్లో ఒక్కటి మళ్లీ మొదలుపెట్టడం. ఆమె కోళ్లకు మేత వేయడం ఎంచుకుంది.

భర్త అప్పుడే ఇంకో సంగతి అడిగాడు. దుబాయ్‌లో ఉన్న తమ్మునికి కూడా నిద్ర పడ్తలేదట, వీడియోలో చూస్తరా అని. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు డాక్టర్లకు ఈ ప్రశ్న ఇంకా ఎక్కువ వస్తుంది. కుదరదు. మన గైడ్‌లైన్స్ దేశం దాటిన రోగికి వర్తించవు. గల్ఫ్‌లో ఉన్న మనిషి ఇక్కడి రోగికి తోడుగా కాల్‌లో కలవొచ్చు గానీ, తాను రోగి కాలేడు.

తర్వాత

ఎనిమిదో వారం తోట గట్టు మీది కాల్‌లో స్కోరు 9, తొమ్మిదో ప్రశ్నకు సున్నా. పన్నెండో వారం 5. ఎస్సిటాలోప్రామ్ బాగైన తర్వాత కనీసం ఆరు నెలలు సాగాలి. అందులో ఒకసారి క్లినిక్‌కు, ఒకసారి వీడియోకు అని డాక్టరు కుదుర్చుకున్నారు.

ఆయన వీడియోకు ఇప్పుడు ఒప్పుకునేది తాను క్లినిక్‌లో ఒక్కసారైనా చూసి, ఆ పేజీ నింపిన రోగులనే. మొదటిసారి వచ్చే పిచ్చి లక్షణాలు, కొట్టడం తిట్టడం, కల్లు వణుకు, చిన్న పిల్లలు, కొట్టే మనిషి ఇంట్లోనే ఉన్న ఆడవాళ్లు వీడియోకు వద్దంటారు. అది సరైన వద్దనడమే. వాట్సాప్‌లో వచ్చే ‘ఏ గోలీ వెయ్యాలె’లకు కాంపౌండరు ఒకే జవాబు పెడతాడు: పగలు ఒంటిగంటన్నరకు వీడియోలో రండి.

తెగనిది ఒకటే మిగిలింది. మూడు పక్కల కాల్‌లో సైకియాట్రిస్టు టైముకు ఎవరు డబ్బు ఇవ్వాలి? ప్రభుత్వ టెలిమెడిసిన్ సేవ ఈ-సంజీవనిలో డాక్టరు నుంచి డాక్టరుకు కాల్‌కు రోగి పైసా కట్టడు. ప్రైవేటు క్లినిక్‌కు ఆ తోవ లేదు. ఈ కేసులో ఫ్యామిలీ డాక్టరు తన ఫీజులోంచి సగం పంపారు. ఒకరిద్దరికి అలా నడుస్తుంది. వారానికి పది మంది అయితే సగమిచ్చే డాక్టరు, సగం తీసుకుని అరగంట కూర్చునే సైకియాట్రిస్టు ఎన్నాళ్లు ఉంటారో చూడాలి.